మూడో కరెంటు స్తంభం దాకా

అల్లుడూ,

హెచ్ఐవీ మందుల వరుసలో పరిచయమైన రెండో నెలకే నన్ను మామయ్యా అన్నావు కాబట్టి, ఆ చనువుతోనే రాస్తున్నాను. జిమ్ములో చేరాలని ఉంది గానీ ఎవరికైనా తెలిసిపోతుందేమో అన్నావు.

చెమటతో, డంబెల్స్‌తో, పక్కవాడి తువ్వాలుతో ఈ వైరస్ అంటదు. నీకు హెచ్ఐవీ ఉందో లేదో చెప్పమని బలవంతపెట్టే హక్కు జిమ్ము యజమానికి లేదు. 2017 హెచ్ఐవీ చట్టం నీ పక్షానే ఉంది. గుండెదడో కీళ్ల నొప్పో ఉంటే మాత్రం దాచకు.

నేను 2005లో మందులు మొదలుపెట్టాను. అప్పటి స్టావుడిన్ అనే మందు వల్ల బుగ్గలు లోపలికి పోయాయి, అరికాళ్లకు స్పర్శ తగ్గింది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, వెనకనుంచి ఎవరో పిలిచి చెప్పేవారు. ఆ కాళ్లతోనే చెరువుగట్టు మీద నడక మొదలుపెట్టాను. మొదటి వారం మూడో కరెంటు స్తంభం దగ్గరే ఆయాసం వచ్చి కూర్చుండిపోయేవాణ్ని. రిపోర్టులో అంకెలు డాక్టరు చెబితేనే అర్థమయ్యేవి. నాలుగో స్తంభం చేరిన సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నీ మాత్ర వేరు. అందులోని డోల్యుటెగ్రవిర్ అనే మందుతో కొందరు బరువు పెరుగుతారు, టెనోఫోవిర్ అనే ఇంకో మందు ఎముకలను కాస్త పలచబరుస్తుంది. కాబట్టి బరువులెత్తడం నీకు సోకు కాదు, అవసరం. మొదటి నెల నడక, గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే దండీలు చాలు. జ్వరం, ఆగని దగ్గు ఉన్న రోజున వ్యాయామం మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఇక కండల కోసం తాగే ఆ పొడి డబ్బాలు! కండలు పెంచే ఇంజెక్షన్ల జోలికి అసలు పోకు. డోల్యుటెగ్రవిర్ వల్ల రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎలాగూ కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. ఆ డబ్బాల్లోని క్రియాటిన్ పొడి కూడా తోడైతే నీ కిడ్నీల సంగతి డాక్టరుకు తేలదు. ఖాళీ కడుపున అయితే కాల్షియం, ఐరన్ బిళ్లలను నీ మాత్రతో కలిపి మింగకు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలైనా ఆగు. పొడి బదులు తినాల్సినవి రెండు కోడిగుడ్లు, గుప్పెడు వేరుశనగలు, గట్టిపప్పు. హాస్టల్ సాంబారును నేను పప్పు కింద లెక్కవేయను.

ఆదివారం ఆరింటికి గట్టు దగ్గర ఉంటాను. కొత్త బూట్లు కొనకు, ఉన్నవాటితోనే రా. ఆ మూడో స్తంభం చూపిస్తాను.

మీ మామయ్య