కథ లేని షార్ట్ ఫిల్మ్ ఎందుకు చూడాలి?

ప్రయోగాత్మక షార్ట్ ఫిల్మ్‌లకు తలా తోకా ఉండదని, అవి సమాజాన్ని ప్రశ్నిస్తాయనడం ఉత్త బడాయని కొందరు అంటుంటారు. కొన్నాళ్ల కిందటి వరకు నాదీ అదే మాట.

కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ఒకసారి షాంటల్ ఆకర్మన్ ‘సోత్ మా విల్’ వేశారు. బెల్జియం అమ్మాయి. 1968లో అది తీసేనాటికి ఆమెకు 18 ఏళ్లు. 13 నిమిషాల బ్లాక్ అండ్ వైట్ సినిమా, నటించిందీ తనే. కూనిరాగం తీస్తూ హుషారుగా ఇంటికొస్తుంది. ఇరుకు వంటగదిలో స్పఘెట్టీ తింటుంది, గిన్నెలూ సామానూ నేల మీద పడేసి నేల తుడుస్తుంది, బూట్లకు పాలిష్ పెడుతూ కాలికి కూడా పూసేసుకుంటుంది. తలుపు సందులకు టేపు అంటిస్తుంది. చివర్లో గ్యాస్, పేలుడు. అంతే.

నాకు ఒళ్లు మండింది. ఎందుకలా చేసిందో చెప్పొద్దా? ప్రేమ విఫలమైందనో, ఇంట్లో కొట్టారనో ఏదో ఒకటి! రెండు రోజులకు గానీ అసలు సంగతి తట్టలేదు. కారణం చెప్పి ఉంటే అయ్యో పాపం అనుకుని మర్చిపోయేవాణ్ణి. చెప్పలేదు కాబట్టి ఆ వంటగదినీ, ఆ పనులనే మళ్లీ మళ్లీ తలుచుకోవాల్సి వచ్చింది. మన సినిమాల్లో వంటగది ఎంతసేపు కనిపిస్తుంది? హీరో తల్లి కాఫీ గ్లాసుతో బయటికొచ్చేంత సేపు.

అంతకు ముందే, 1943లో, అమెరికన్ దర్శకురాలు మాయా డెరెన్ లాస్ ఏంజెలెస్‌లో తన ఇంట్లోనే భర్తతో కలిసి ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ తీసింది. అందులో మాటలు లేవు. అవే మెట్లు, అదే గది, చేతిలో తాళంచెవి కత్తిగా మారుతుంది. హాలీవుడ్ పక్కనే ఉంటూ స్టూడియో గడప తొక్కకుండా తీసిన సినిమా అది.

అలాగని కెమెరా ఊపేసి, సౌండ్ తిరగేసినవన్నీ గొప్పవని అనను. ఈమధ్య అదీ ఒక ఫార్ములా అయిపోయింది.

నేనూ ఒకటి తీశాను. సంక్రాంతికి చుట్టాలంతా భోంచేశాక అమ్మ గిన్నెలు తోముతుంటే బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టా. 11 నిమిషాలు, ఒక్క కట్ లేదు. ఓ పోటీకి పంపితే, రెండు నిమిషాలకు కుదించి చివర్లో తల్లి గొప్పతనం మీద ఒక డైలాగ్ పెట్టమన్నారు. పెట్టలేదు. బహుమతీ రాలేదు.

ఇంట్లో టీవీలో వేస్తే అమ్మ ముందు సిగ్గుపడింది. ‘ఆ పాత నైటీలోనే తీశావట్రా’ అని కోప్పడింది. నాలుగో నిమిషానికి పెదనాన్న కుర్చీలో ఇబ్బందిగా కదిలి, ‘ఇంకా ఎంతసేపమ్మా ఇది?’ అన్నాడు.

అమ్మ టీవీ వంకే చూస్తూ, ‘ఇంకా మూకుడూ, ఇడ్లీ పాత్రా ఉన్నాయి బావగారూ’ అంది.