గీత లేని ద్విబంధాన్ని సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టకండి

ప్రశ్న: స్మైల్స్‌లో (అణువు నిర్మాణాన్ని ఒకే వరుస అక్షరాలుగా రాసే పద్ధతి) ద్విబంధానికి ఈ (E), జెడ్ (Z) గుర్తు, అంటే దానికి రెండు చివర్లా ఉన్న ముఖ్య సమూహాలు ఎదురు వైపుల ఉన్నాయా, ఒకే వైపున ఉన్నాయా అని చెప్పే గుర్తు, లేకపోతే సాఫ్ట్‌వేర్ గీసిన రూపాన్నే నమ్మవచ్చా?

నమ్మకండి. గుర్తు లేకపోతే ఆ రూపం తెలియదనే రాసుకోండి, ఆ "తెలియదు"ను చివరి దాకా కాపాడండి. నాకు ఇది నేర్పింది బరంపురంలోని ఒక సుగంధ తైలాల వ్యాపారి.

మాది పర్లాకిమిడి. కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. గంజాం జిల్లా మొగలి అత్తరుకు పేరు కదా, ఆ వ్యాపారి దగ్గర అదే కాక నిమ్మగడ్డి, పామరోజా తైలాలు, వాటిలోంచి విడదీసిన పదార్థాలు కూడా ఉంటాయి. వాటి జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండుసార్లు పడినవి తీసేసి, అచ్చు తీసి ఇచ్చాను. ఆయన వేలితో వరుసలు చూస్తూ ఒకచోట ఆగారు. "నెరోల్ ఏది మాస్టారూ?" అంటూ అరలోంచి రెండు సీసాలు దింపి, రెండు కాగితపు ముక్కలు ముంచి నా చేతికిచ్చారు. ఒకటి జెరానియోల్, నిండు గులాబీ వాసన. రెండోది నెరోల్, ఇంకా తేలికగా, తాజాగా ఉంది. రెండింటికీ అణుభారం 154.25. తేడా అంతా ఒక్క ద్విబంధం దగ్గరే: మొదటిది ఈ, రెండోది జెడ్.

ఆ రాత్రి వెతికితే తప్పు రెండు చోట్ల దొరికింది. స్మైల్స్‌లో ఆ గుర్తును /, \ అనే గీతలతో రాస్తారు. నా జాబితాలో జెరానియోల్ ద్విబంధానికి రెండు వైపులా / ఉంది. నెరోల్‌కు ఒకవైపు /, రెండోవైపు \ ఉంది. డేటాబేసు ఆ \ ను ప్రత్యేక సంకేతం అనుకుని మింగేసింది. జెరానియోల్ చెక్కుచెదరలేదు, నెరోల్‌కు ఒక్క గీతే మిగిలింది. ఒక్క గీతతో రూపం తేలదు కాబట్టి ప్రోగ్రాం చప్పుడు చేయకుండా గుర్తు లేనిదిగా చదువుకుంది. తర్వాత బొమ్మ గీసి మాల్ ఫైలులో (పరమాణువుల స్థానాలు, బంధాలు దాచే ఫైలు) దాచాను. అందులో ద్విబంధానికి 3 అని ఉంటే ఏ రూపమైనా కావచ్చని అర్థం. 0 అని ఉంటే పరమాణువుల స్థానాలు చూసి తేల్చుకోవాలి. నా పరికరం 0 రాసింది. బొమ్మలో గొలుసు ట్రాన్స్‌గా (ద్విబంధానికి ఎదురు వైపులకు) ఉంది కాబట్టి మళ్లీ చదివేసరికి నెరోల్ కాస్తా జెరానియోల్ అయింది, రెండోసారి పడిందని కొట్టివేతకు గురైంది. ఇలాంటి దారిలో ఎక్కువగా నష్టపోయేది జెడ్ రూపాలే!

మా ఊరు తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి. దరఖాస్తు నింపిన ప్రతిసారీ కంప్యూటర్ వీటిని రెండు ఊళ్లంటుంది, మేము సంజాయిషీ రాసుకోవాలి. అదే యంత్రం రెండు పదార్థాలను ఒకటి చేస్తే అడిగేవారు లేరు. తరగతిలో ఇలాంటి జెడ్, ఈ జంటగా మాలియిక్, ఫ్యుమారిక్ ఆమ్లాలను ఏళ్ల తరబడి చెబుతున్నాం. ఆ తేడా ఫైలులో ఎలా నిలుస్తుందో చెప్పే పాఠం నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటీ లేదు.

మీరు ఆర్‌డీకిట్ (రసాయన నిర్మాణాలను చదివే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అందులోని ఫైండ్‌పొటెన్షియల్‌స్టీరియో (FindPotentialStereo) అనే ఆదేశం నడిపి, గుర్తు ఉండదగి లేనివాటిని ముందే వేరు చేయండి. జెరానియోల్‌లోని రెండో ద్విబంధానికి గుర్తు లేదని కంగారుపడకండి, దాని ఒక చివర రెండు మిథైల్ సమూహాలున్నాయి కాబట్టి దానికి ఈ, జెడ్ తేడా ఉండదు. పైథాన్‌లో (ప్రోగ్రామింగ్ భాష) స్మైల్స్‌ను ముడి పాఠంగానే (\ ను ప్రత్యేక సంకేతంగా చదవని రూపంలో) ఇవ్వండి, లేకపోతే \ తర్వాత చిన్న ఎన్ వచ్చినచోట కొత్త పంక్తి మొదలవుతుంది.

ఇప్పుడు ఆయన జాబితాలో నెరోల్‌కు తన వరుస తనకుంది. సిట్రాల్‌కు మాత్రం నేను గుర్తు పెట్టలేదు. అది జెరానియల్, నెరాల్ అనే ఈ, జెడ్ రూపాల మిశ్రమం. పక్కన "మిశ్రమం" అని రాయమని ఆయనే చెప్పారు.