అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్)లో ఇన్నేళ్లుగా మనుషులు ఉంటున్నారు కదా, మరి అంతరిక్షంలో పర్మనెంట్‌గా ఎందుకు ఉండలేం?

రాకెట్లు లేక కాదండీ, భూమి నుంచి సప్లై ఆగిపోయినా గాలి, నీళ్లు, తిండి లోపలే తయారవుతూ ఏళ్ల తరబడి నడిచే సిస్టమ్ కట్టడం మనకి ఇంకా చేతకాలేదు.

భూమ్మీద ఈ పని మొక్కలు, మట్టి, సముద్రాలు, సూక్ష్మజీవులు కలిసి చేస్తున్నాయి, ఎక్కడో కాస్త తేడా వచ్చినా ఇంత పెద్ద వాతావరణం ఉంది కాబట్టి సర్దుకుపోతుంది. మూసేసిన చిన్న డబ్బాలో అలా కుదరదు, చిన్న తేడా కూడా నెలల్లో ప్రాణం మీదకి వచ్చేస్తుంది.

బయోస్ఫియర్ 2 అనే ప్రయోగం సంగతే చూడండి. 1991లో అమెరికాలోని అరిజోనాలో 8 మంది పెద్ద అద్దాల బిల్డింగ్‌లోకి వెళ్లి తలుపులేసుకున్నారు, లోపలే పొలం, చిన్న అడవి, బుల్లి సముద్రం కూడా ఉన్నాయి. 16 నెలలు తిరిగేసరికి ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 చిల్లరకి పడిపోయింది, చివరికి బయట నుంచి ఎక్కించాల్సొచ్చింది. మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదిలితే, అది మొక్కలకి అందకుండా కాంక్రీట్ గోడలు పీల్చేసుకున్నాయి! గోడలే కొంప ముంచుతాయని ముందు ఎవరూ అనుకోలేదు.

ఇక చాలామంది పొరబడేది ఐఎస్ఎస్ విషయంలో. 2000 నవంబర్ నుంచి అది ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు, నిజమే, మూత్రం, చెమటతో సహా నీళ్లలో 98 శాతం దాకా మళ్లీ వాడుకునే స్థాయికి వచ్చారు, అదీ గొప్పే. కానీ తిండి, స్పేర్ పార్టులు కింద నుంచి కార్గో షిప్‌లో వెళ్లాల్సిందే, మనుషులు కూడా సుమారు ఆరు నెలలకోసారి మారిపోతుంటారు, అంటే అది 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న క్యాంపే గానీ ఊరు కాదు.