ఆర్‌ఎస్ కొనేముందు ఆయిల్ బిల్లులు అడగండి

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 31, చేతికి నెలకు లక్షా 40 వేలు వస్తాయి. సేవింగ్స్ 6 లక్షలు. సెకండ్‌హ్యాండ్‌లో 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 16 లక్షలకు చూశాను, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. 12 లక్షలు లోన్ పెడదామని ఉంది. ఓనరేమో "ఓఆర్‌ఆర్ మీద బాగా తొక్కేవాణ్ణి, ఇలాంటి ఇంజిన్లు తొక్కితేనే బాగుంటాయి" అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: సగం నమ్మొచ్చు. రెండు లీటర్ల టర్బో ఇంజిన్ (పొగ వేగానికి తిరిగే చిన్న చక్రం గాలిని ఇంజిన్లోకి నెడుతుంది), 230 హార్స్‌పవర్, బాగా వేడెక్కాక ఆర్‌పీఎం మీటర్లో ఎర్ర గీత దాకా లాగినా ఆ ఇంజినేమీ నొచ్చుకోదు, దాన్ని చేసిందే అందుకు. పైగా రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కక తేమా పెట్రోలూ ఆయిల్లోనే ఉండిపోతాయి, అది ఇంకా చేటు.

ఆయన చెప్పని సగం వేరే ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేసి అపార్ట్‌మెంట్ గేటు దాటగానే తొక్కేవాడా? టెంపరేచర్ మీటర్లో ముల్లు 90కి వచ్చినా అది కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) వేడి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకొంత సేపు పడుతుంది, అరుగుదల ఎక్కువగా ఆ కాసేపట్లోనే. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, సన్నటి ఆయిల్ పొర మీద. గట్టిగా తొక్కుకుంటూ వచ్చి టక్కున ఆపేస్తే ఆ ఆయిల్ అక్కడే మాడి మసిగా గట్టిపడుతుంది. కంపెనీ 15 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటుంది, ఇలా తొక్కే బండికి అందులో సగానికే మార్చాలంటాను నేను.

గేర్‌బాక్స్ మాట ఇంకా ముఖ్యం. ఇందులోది ఆయిల్లో మునిగి ఉండే రెండు క్లచ్‌ల డీఎస్‌జీ ఆటోమేటిక్, దాని ఆయిల్ 60 వేలకు మార్చాలి. బండి 58 వేల దగ్గర అమ్మకానికి వచ్చింది, గమనించారా? పదే పదే లాంచ్ కంట్రోల్ (ఆగిన చోటి నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లే మోడ్) కొట్టినా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో బ్రేకు వదిలీ వదలకుండా పాకించినా క్లచ్ వేడెక్కుతుంది. రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించి ఉంటే టార్క్, అంటే తిప్పే బలం, ఇంకా పెరుగుతుంది, ఆ భారమంతా గేర్‌బాక్స్ మీదే. అమ్మేముందు మళ్లీ పాత ట్యూన్ వేయించేవాళ్లూ ఉన్నారు.

ఒకసారి క్లయింటుతో ఇలాంటి బండే చూడ్డానికి వెళ్లాను. "రెండు రోజులుగా తియ్యలేదండీ" అన్నాడు అమ్మేవాడు. మాటల్లో బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది! చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మా చెవిన పడకూడదని ముందే స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట. టీ తాగి వచ్చేశాం.

ఇక డబ్బు. ఈ వయసు బండికి చాలాచోట్ల ఐదేళ్ల గడువు ఇవ్వరు. మూడేళ్లు, 12 శాతం వడ్డీ అనుకుంటే 12 లక్షలకు ఈఎమ్ఐ దాదాపు 39,900. పెట్రోలు, టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు కలిపి ఇంకో 15 వేలు వేసుకోండి. 4 లక్షలు చేతి నుంచి పెడితే మిగిలేది 2 లక్షలు, అదే మీ ఎమర్జెన్సీ ఫండ్, అదే గేర్‌బాక్స్ ఫండ్. రెండూ ఒకే నెలలో కావాల్సొస్తే? ఇన్సూరెన్సు ఆదుకుంటుందనుకోకండి, అరుగుదలకీ మెకానికల్ ఫెయిల్యూర్‌కీ మామూలు పాలసీ ఇవ్వదు, రేసుల్లో వాడినా ఇవ్వదు, చెప్పకుండా రీమ్యాప్ చేయించి ఉంటే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు.

కాబట్టి ఇప్పుడే వద్దు. నెలకు 55 వేలు మీకు మీరే ఈఎమ్ఐ కట్టుకోండి, విడి ఖాతాలోకి, ఎనిమిది నెలలు. 4 లక్షల 40 వేలు అవుతాయి, ఆ భారం మోయగలరో లేదో కూడా తెలుస్తుంది. నాలుగో నెలకే చెయ్యి ఆగిపోతే బండి కొనకుండానే తెలిసింది కదా. ఈలోగా ఇది అమ్ముడుపోతే పోనివ్వండి.

అయినా మనసు ఊరుకోకపోతే డీఎస్‌జీ ఆయిల్ మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి, ఇంజిన్ ఆయిల్ బిల్లులన్నీ తేదీల వారీగా చూడండి. చూడ్డానికి మాత్రం పొద్దున్నే ఏడింటికి, చెప్పిన టైము కంటే అరగంట ముందు వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి.