మూతపడ్డ క్వారీలో మెరిసే రాళ్లు: పట్టా ఉంటే అమ్ముకోవచ్చా?

సందేహం: మాది ఒంగోలు వైపు సముద్రానికి దగ్గర పల్లె. డాబా ఎక్కితే సముద్రం కనపడుతుంది. మా తాతగారి పేరున ఉన్న రెండెకరాల్లో ఇసుకరాయి క్వారీ నడిచింది. లీజుకు తీసుకున్న ఆయన పదిహేనేళ్ల కిందట రాయి కొట్టడం ఆపేసి వెళ్లిపోయాడు. ఈ ఏడు వానలకు క్వారీ గోడ ఒకవైపు విరిగిపడితే లోపల కలకండ పలుకుల్లాంటి తెల్లని రాళ్లు, బరువైన పాలరంగు బిళ్లలు, పసుపు మట్టి బయటపడ్డాయి. గుంత అడుగున నల్లటి ఇసుక పేరుకుంది, మధ్యలో ఎర్రటి పలుకులు. చెన్నై పార్టీ ఒకాయన వచ్చి తెల్ల రాళ్లకు కిలోల లెక్కన, నల్ల ఇసుకకు టన్నుల లెక్కన రేటు చెప్పాడు. మా తమ్ముడు ఇప్పటికే రెండు బస్తాల తెల్ల రాళ్లు ఇచ్చేశాడు. ‘భూమిలో దొరికిందల్లా గవర్నమెంటుదే, లంకెబిందెల్లాగే’ అంటున్నారు మా బాబాయి. పాత లీజుదారు కూడా ఫోన్ చేసి తనకూ వాటా ఉందంటున్నాడు. ఎవరి మాట నిజం?

సలహా: ముందు ఆ మూడో బస్తా కదిలించకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ బాబాయిగారి మాట సగమే నిజం. లంకెబిందెల సంగతి చూసే చట్టం వేరే ఉంది, 1878 నాటిది. ఎవరో ఎప్పుడో దాచిపెట్టిన సొత్తు గురించి అది. మీ గోడలో ఆ రాళ్లను ఎవరూ దాచలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. ఇక భూమి అడుగున ఉన్నదంతా సర్కారుదే అనే నమ్మకం మన ఊళ్లలోనే కాదు, ఆఫీసుల్లోనూ గట్టిగా ఉంది. దాన్ని 2013లో సుప్రీంకోర్టు త్రేసియమ్మ జాకబ్ కేసులో కాదంది. కేరళలోని మలబారు భూముల మీద వచ్చిన తగాదా అది. నేల ఎవరిదో, వేరే చట్టం ఏదీ లాక్కోనంతవరకు, అడుగున ఉన్నదీ మామూలుగా వారిదే అని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

‘వేరే చట్టం లాక్కోనంతవరకు’ అన్న ముక్క దగ్గరే మీ కేసు ఆగుతుంది. మీ ఊరు పూర్వం జమీందారీ గ్రామమా, లేక రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ గ్రామమా? మీరు రాయలేదు. ఇప్పుడెవరూ పట్టించుకోని ప్రశ్న ఇది. నేను మాత్రం మొదట ఇదే అడుగుతాను. మీ జిల్లాలో, నెల్లూరులో చాలా ఊళ్లు వెంకటగిరి సంస్థానం కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం మూడో సెక్షన్ చూడండి. జమీందారు చేతిలోంచి ప్రభుత్వానికి దఖలు పడ్డ వాటిలో అడవులు, చెరువులు, లంకలతో పాటు ‘గనులు, ఖనిజాలు, క్వారీలు’ అని పేరు పెట్టి మరీ రాశారు. అలాంటి ఊరైతే తర్వాత వచ్చిన పట్టా చూపించి అడుగునున్న ఖనిజం కూడా నాదే అనడం కష్టం. రైత్వారీ ఊరైతే త్రేసియమ్మ తీర్పు మీకు ఆసరా. తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్ఆర్, అంటే పాత సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, నకలు తీయించండి, ఊరి చరిత్ర అందులో తెలుస్తుంది. ఒకవేళ మీది డి పట్టా, అంటే సేద్యానికని ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే, రాళ్ల సంగతి అటుంచి అక్కడ క్వారీ ఎలా నడిచిందన్న ప్రశ్న ముందు లేస్తుంది. ఆ భూమిని వెనక్కి తీసుకోవడానికి అధికారులకు మీరే దారి చూపినట్టవుతుంది. కాబట్టి కాగితం చూసుకున్నాకే దరఖాస్తు.

సరే, రాయి మీదే అనుకుందాం. అయినా తవ్వి అమ్మే హక్కు దానంతట అది రాదు. చెట్టు మీ సొంతమే అయినా కొట్టడానికి పర్మిషన్ కావలసినట్టే ఇదీ. 1957 గనులు, ఖనిజాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం లీజు లేకుండా తవ్వకూడదు, పర్మిట్ లేకుండా రవాణా చేయకూడదు, నిల్వ కూడా పెట్టకూడదు. మీరితే అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల దాకా జరిమానా. సరుకు అప్పటికే చేతులు మారి ఉంటే దాని ధర వసూలు చేస్తారు, టిప్పరో ఆటోనో కూడా పట్టుకుంటారు. ఖనిజం ప్రభుత్వానిదని తేలితే దొంగతనం కేసు విడిగా పెట్టొచ్చని 2014లో ఢిల్లీ ప్రభుత్వం వర్సెస్ సంజయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ మనవడు జేబులో వేసుకొచ్చిన పలుకు మీద కేసు పెట్టే తీరిక ఎవరికీ లేదనుకోండి. బస్తా, తూకం, రేటు వచ్చాయంటే మాత్రం అది వ్యాపారమే.

ఇప్పుడు ఆ గోడ సంగతి. మీ ప్రాంతంలో బూదవాడ, పావులూరు ఊళ్ల పేర్లతో భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పాత ఇసుకరాయి పొరలున్నాయి. ఇసుకరాయిలో సందులు, పగుళ్లు ఎక్కువ. వాటిలోకి దిగిన నీరు రకరకాల ఖనిజాలను అట్టకట్టిస్తుంది. కలకండ పలుకులన్నవి క్వార్ట్జ్, అంటే పలుగురాయి స్ఫటికాలు కావచ్చు. సైజుకు మించి బరువున్న పాలరంగు బిళ్లలు ముగ్గురాయి, అదే బెరైటీస్, కావచ్చు. పసుపు మట్టి ఇనుము కలిసిన ఓకరు. నేను లాయర్ని, కెమిస్టుని కాను. కానీ పేరు తేలకుండా చట్టం తేలదు, అందుకే ఇంత చెబుతున్నాను. కట్టడానికి వాడే ఇసుకరాయి చిన్న తరహా ఖనిజం. దానికి రాష్ట్ర నిబంధనలు, జిల్లా మైనింగ్ ఆఫీసు, సీనరేజీ (తీసిన రాయికి సర్కారుకు కట్టే రుసుము) ఉన్నాయి. ఓకరు కూడా 2015 నుంచి అదే జాబితాలో ఉంది. క్వార్ట్జ్, బెరైటీస్‌లను కూడా 2015 ఫిబ్రవరిలో అందులోనే చేర్చారు. కానీ 2025 ఫిబ్రవరి 20న కేంద్రం వాటిని, ఫెల్‌స్పార్, మైకాలతో కలిపి, మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి మార్చేసింది. మీ చెన్నై పార్టీకి ఈ కబురు తెలియదనుకోను.

దీనివల్ల మీకు ఒరిగేదేమిటంటే, సారీ, ఒరిగేదేమీ లేదు. ప్రధాన ఖనిజానికి లీజు వేలంలోనే ఇస్తారు. పట్టాదారుడు దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చే పద్ధతి కాదది. వేలంలో గెలిచినవాడు మీ నేలలో దిగితే పైభూమికి కలిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలని 24ఏ సెక్షన్ చెబుతుంది. చాలామంది పట్టాదారులకు చివరికి చేతికందేది అదే. ఇది న్యాయమా అంటే, త్రేసియమ్మ తీర్పు చదివినవాడిగా నాకైతే మనసొప్పదు. కానీ మీరడిగింది నా మనసు గురించి కాదు కదా.

నల్ల ఇసుక దగ్గర కాసేపు ఆగాలి. అసలు ప్రమాదం అక్కడుంది. వాన నీరు గుంతలో చేటతో చెరిగినట్టు తేలికైన ఇసుకను కొట్టుకుపోయి, బరువైన పలుకులను అడుగున మిగులుస్తుంది. వాటిలో ఇల్మనైట్, జిర్కాన్ ఉండొచ్చు. ఎర్రవి గార్నెట్ కావచ్చు. వీటితో పాటు మోనజైట్ ఉంటే దానిలో థోరియం ఉంటుంది. అణు ఇంధనానికి పనికొచ్చే పదార్థమది. తీరపు ఇసుకలో దొరికే ఇల్మనైట్, రూటైల్, గార్నెట్, మోనజైట్, జిర్కాన్, సిల్లిమనైట్‌లన్నిటినీ కలిపి చట్టం అణు ఖనిజాల పట్టికలో పెట్టింది. 2016 నిబంధనల్లో మోనజైట్ ఫలానా శాతం దాటితేనే ప్రభుత్వ సంస్థలకు అని ఒక గీత ఉండేది. 2019లో ఆ గీతను సున్నాకు దించారు. అప్పటినుంచి ప్రైవేటు వారికి తీరపు ఇసుక ఖనిజాల దారి మూసుకుపోయింది. ‘ఇది బీచ్ ఇసుక కాదు సార్, క్వారీ ఇసుక’ అని మీ కొనుగోలుదారు వాదించవచ్చు. తెలివైన వాదనే, పట్టికలో ‘తీరపు ఇసుకల్లో దొరికే’ అన్న మాట ఉంది మరి. కానీ థోరియం ఉన్న అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్స్) ఖనిజం, మోనజైట్ లాంటిది, ఎక్కడ దొరికినా అదే పట్టికలో వేరే పద్దు కింద పడుతుంది. మోనజైట్ తగిలితే ఆ వాదన నిలవదు.

యురేనియమో థోరియమో ఉందని తెలిసినవాళ్లు 3 నెలల్లో రాతపూర్వకంగా కేంద్రానికి తెలపాలని 1962లోనే అణుశక్తి చట్టంలో రాశారు. మీకింకా తెలిసింది లేదు, అనుమానమే. అయినా హైదరాబాదు బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ఉంది. సర్వే నంబరు, ఫొటోలతో ఒక రిజిస్టర్డ్ ఉత్తరం రాసి రసీదు దాచుకోండి. రేపు ఎవరైనా దొంగచాటుగా ఇసుక ఎత్తుకెళ్తే ఆ రసీదే మీకు రక్ష.

సముద్రానికి ఎంత దూరమో కూడా కొలిపించండి. డాబా మీంచి కనపడటం కొలత కాదు. పోటు గీత నుంచి నేలవైపు 500 మీటర్ల లోపు ఉంటే తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్లు వర్తిస్తాయి, 2011దైనా 2019దైనా. ఇసుక, రాయి తవ్వకం అక్కడ నిషేధం. మినహాయింపు అణు ఖనిజాల్లాంటి వాటికే, అంటే మీకు కాదు. ఆ గీతకు బయట ఉండి, మామూలు ఇసుకరాయికే లీజు అడిగినా పర్యావరణ అనుమతి తప్పదు. చిన్న క్వారీలకూ అది కావాలని 2012లో దీపక్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది.

పాత లీజుదారుకు వాటా ఏమీ లేదు. గడువు తీరిన రోజే అతని హక్కు తీరింది. గడువు ఉన్న రోజుల్లో కూడా అతని హక్కు లీజులో పేరు రాసిన రాయికే. వేరే ఖనిజం కనపడితే అధికారులకు తెలిపి లీజులో చేర్పించుకుంటే తప్ప తాకే వీలు లేదు. అతను మళ్లీ ఫోన్ చేస్తే లీజు పత్రం నకలు పంపమనండి, బహుశా మళ్లీ చేయడు. పైగా మీరే అతన్ని అడగాల్సిన మాట ఒకటుంది: గుంత పూడ్చకుండా, కంచె వేయకుండా ఎందుకు వెళ్లిపోయావని. ఆ కంచె ఇప్పుడు మీరు వేయించండి, ఈ వారంలోనే. గోడ ఒకసారి విరిగింది, గుంతలో నీళ్లున్నాయి, మెరిసే రాళ్లున్నాయని ఊరంతా పాకింది. పిల్లలు దిగి ఏదైనా జరిగితే నేల ఎవరిదన్న ప్రశ్నకు జవాబు వెతకనక్కర్లేదు, అప్పుడు అందరూ మీ ఇంటికే వస్తారు.

తమ్ముడు ఇచ్చిన రెండు బస్తాల విషయం. దాచకండి. మైనింగ్ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకు మీ ఇద్దరి సంతకాలతో అర్జీ ఇవ్వండి: గోడ కూలి బయటపడ్డ రాళ్లు ఇన్ని కిలోలు తెలియక ఇచ్చాం, మేం తవ్వలేదు, మిగతావి ఉన్నచోటే ఉన్నాయి, వచ్చి పరీక్షించండి అని. 1957 గనుల చట్టం కింద నేరాన్ని డబ్బు కట్టించుకుని రాజీ చేసే వీలు 23ఏ సెక్షన్‌లో ఉంది. తానై వచ్చి చెప్పినవాడికి, చెక్‌పోస్టులో దొరికినవాడికి ఆఫీసులో జరిగే మర్యాద ఒకటి కాదు. చెన్నై ఆయన ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టకుండా ఉంచమనండి తమ్ముణ్ని.