ప్రభుత్వ ప్రాజెక్టులో ‘చేంజ్ లీడ్’ ఆఫర్.. అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. కంప్యూటర్స్‌లో బీటెక్ చేసి, మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా చేస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఒకటి కాగితం ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లోకి మారుస్తోందట. ఆ ప్రాజెక్టులో ‘చేంజ్ మేనేజ్‌మెంట్ లీడ్’గా, అంటే ఉద్యోగులను కొత్త పద్ధతికి అలవాటు చేసే టీముకు పెద్దగా, ఓ కన్సల్టెన్సీ ద్వారా రెండేళ్ల కాంట్రాక్టు ఆఫర్ వచ్చింది. నేను బ్యాంకు స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్షలు రాయమంటున్నాను, వినడం లేదు. రెంటిలో ఏది మేలు? సంబంధాలు చూస్తున్నాం, దీన్ని గవర్నమెంటు ఉద్యోగమని చెప్పుకోవచ్చా?
– ఓ ఉపాధ్యాయుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మాస్టారూ, ముందు మీ చివరి ప్రశ్న. చెప్పుకోకూడదు. ఆమె కూర్చునేది ప్రభుత్వ ఆఫీసులోనే గానీ, జీతమిచ్చేది కన్సల్టెన్సీ. శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు గేటు దాటడానికి పనికొస్తుంది, పెన్షనుకు కాదు. గవర్నమెంటు అని చెప్పి సంబంధం ఖాయం చేసుకుంటే, కాంట్రాక్టు ముగిసిన రోజున అత్తింట్లో మాట పడేది అమ్మాయి. బయోడేటాలో ‘కన్సల్టెంట్’ అని రాయండి, చాలు.

ఇలాంటి ఉత్తరాల్లో అందరూ అడిగేది రెంటిలో ఏది మేలని. లోపల ఉండే బెంగ వేరు. రెండేళ్లయ్యాక పిల్ల ఎటూ కాకుండా పోతుందేమో, ఈలోగా పరీక్షల వయసు దాటిపోతుందేమో అని. లెక్క చూడండి. బ్యాంకుల్లో స్కేల్-1 (మొదటి మెట్టు) స్పెషలిస్ట్ ఆఫీసరుకు జనరల్ కేటగిరీలో గరిష్ఠ వయసు 30. కాంట్రాక్టు పూర్తిచేసుకుని వచ్చేసరికి ఆమెకు 28. వెనకబడిన తరగతుల వారైతే మరో మూడేళ్లు వెసులుబాటు. రాష్ట్ర సర్వీసు పరీక్షలకు పరిమితి ఇంకా ఎక్కువ. కాబట్టి ఏ దారీ మూసుకుపోవడం లేదు. ఈ ఒక్క విషయం నిమ్మళంగా మనసుకు పట్టించుకున్నాక మిగతాది చదవండి.

ఇక ‘లీడ్’ అన్న మాట. ఇక్కడ మాత్రం నాకు అనుమానాలున్నాయి. ఇవి మీకోసం కాదు, అమ్మాయికి చదివి వినిపించండి.

ప్రభుత్వ శాఖలో మార్పును నడిపేది సంతకం. ఫలానా తేదీ నుంచి కాగితం ఫైలు తీసుకోబోమని మెమో మీద సంతకం చేసే అధికారి మాత్రమే ఉద్యోగి చేత అలవాటు మాన్పించగలరు. కన్సల్టెన్సీ లీడ్ ఆ మెమో ముసాయిదా రాస్తుంది, దాన్ని పట్టుకుని సంతకం కోసం తిరుగుతుంది. ఆమె కింద ఉండే టీమంటే కొందరు ట్రైనర్లు, హెల్ప్‌డెస్క్, జిల్లాల్లో ఉద్యోగుల పక్కన కూర్చుని చూపించే కుర్రాళ్లు. వాళ్లదీ కాంట్రాక్టే. మార్చాల్సిన వేల మంది ఉద్యోగుల్లో ఒక్కరి మీద కూడా ఆమెకు అధికారం ఉండదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లినవారికి ఈ గీత ఎక్కడుంటుందో తెలుసు. ‘ఏ’ (A) కౌంటర్లో ఫొటో, వేలిముద్రలు, స్కానింగ్ టీసీఎస్ సిబ్బంది చేస్తారు. బీ కౌంటర్లో పత్రాల తనిఖీ, సీ కౌంటర్లో మంజూరు ప్రభుత్వ ఉద్యోగులవే. ముందే అలా గీత గీశారు కాబట్టి ఎవరి పని ఏమిటన్న గొడవ లేదు. చాలా శాఖల్లో అంత స్పష్టత ఉండదు. ఏదైనా చెడితే ‘కన్సల్టెంట్ల వల్ల’ అంటారు, బాగుంటే ఆ ఫొటోలో కన్సల్టెంటు ఉండదు.

పని తీరు దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. తపాలు (బయటి నుంచి వచ్చే ఉత్తరం) వస్తే డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో నంబరు పడుతుంది. సంబంధిత సీటు అసిస్టెంటు దాన్ని పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుని, నోట్ ఫైలు రాసి, సూపరింటెండెంటు మీదుగా పైకి పంపుతాడు. ఇదే గొలుసు కంప్యూటర్లోకి ఎక్కాలి. అందుకు మొదట కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, ఉద్యోగుల జాబితా. పేరు, ఎంప్లాయీ కోడ్, హోదా, సెక్షన్, ఎవరి పైన ఎవరు. వినడానికి గుమస్తా పనిలా ఉంటుంది గానీ ప్రాజెక్టులు మొదట తడబడేది ఇక్కడే. ఒకరు జీతం ఒకచోట తీసుకుంటూ డిప్యుటేషన్ మీద మరోచోట ఉంటారు. ఒకే సూపరింటెండెంటు రెండు సెక్షన్లకు ఇన్‌ఛార్జి. ఫైలును మనిషి పేరుకు కాకుండా సీటుకు (పోస్టుకు) కట్టాలి. అలా చేయకపోతే బదిలీ అయిన రోజున పెండింగ్ ఫైళ్లన్నీ ఆయన లాగిన్‌లోనే ఉండిపోతాయి, కొత్తగా వచ్చినాయనకు ఖాళీ తెర కనిపిస్తుంది. వెంటనే పాత కాగితం ఫైలు బయటికొస్తుంది.

స్కానింగ్ మరో గుంట. నడుస్తున్న ఫైళ్లను మాత్రమే స్కాన్ చేసి, ముగిసిన వాటిని ఎన్నాళ్లు దాచాలో చెప్పే ఎల్.డిస్, డి.డిస్, ఆర్.డిస్ వర్గాల ప్రకారం రికార్డు రూముకు పంపాలి. కానీ ఏజెన్సీకి డబ్బు పేజీకింత చొప్పున ఇచ్చేటట్టు టెండరు రాస్తే, చెత్తబుట్టకు పోవాల్సిన కాగితం కూడా స్కానరెక్కుతుంది. ఫైలు నంబరు, విషయం, సంవత్సరం సరిగ్గా ఎంటర్ చేయని పీడీఎఫ్ ఎన్ని లక్షల పేజీలున్నా వెతికితే దొరకదు.

శిక్షణ సంగతి: 200 మందిని ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి, తెర మీద చూపించి, భోజనం పెట్టి పంపేస్తే శిక్షణ కాదు. 20-25 మందికి మించని బ్యాచ్, మనిషికో కంప్యూటరు, తన సీటులో ఉన్న అసలు ఫైలుతోనే సాధన. అదీ ప్రారంభానికి వారం ముందు. రెండు నెలల ముందు నేర్పితే మొదటి రోజుకి ఏదీ గుర్తుండదు. ఆ తర్వాత తొలి రెండు మూడు వారాలు పక్కన కూర్చునే మనిషి ఉండాలి. ఉద్యోగ సంఘాలతో ముందే మాట్లాడాలి. అసిస్టెంట్లలో చాలామంది మొండికేసేది కంప్యూటరంటే భయంతో కాదు, పని రెట్టింపవుతుందని. నిజంగానే అవుతుంది కూడా, ఎందుకంటే రిజిస్టరులో రాయడం మాన్పించకుండా కంప్యూటర్లో ఎక్కించమంటారు. రెండూ కలిపి నడిచే కాలానికి రెండు నుంచి నాలుగు వారాల గడువు పెట్టి, ఆఖరి రోజున రిజిస్టరులో చివరి ఎంట్రీ కింద గీత గీసి అధికారి సంతకంతో మూసేయాలి. ఆ గీత పడని ఆఫీసులో మంత్రిగారు బటన్ నొక్కినా మార్పు రాలేదన్నమాటే.

ఇంకొకటి. కొన్ని ఆఫీసుల్లో అధికారి డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) అవుట్‌సోర్సింగ్ ఆపరేటరు కంప్యూటరుకే రోజంతా గుచ్చి ఉంటుంది, పిన్ నంబరు చీటీ మానిటరు అంచుకు అంటించి ఉంటుంది. సారు కాగితం ప్రింటు మీద ‘సరే’ అని రాస్తారు, కుర్రాడు కంప్యూటర్లో సంతకం చేస్తాడు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో డ్యాష్‌బోర్డు మాత్రం వినియోగం నూటికి నూరు శాతమని చూపిస్తుంది. హెడ్డాఫీసులో కూర్చున్న లీడ్‌కు ఇది ఎప్పటికీ తెలియదు. జిల్లాలకు తిరిగేవారికే తెలుస్తుంది. అందుకే ఈ ఉద్యోగంలో నేను మొదట చూసేది హోదా కాదు, నెలలో ఎన్ని రోజులు ఫీల్డులో ఉంటారన్నది.

ఇప్పుడు కొత్త మోజు సర్టిఫికెట్లు. మూడు రోజుల చేంజ్ మేనేజ్‌మెంట్ కోర్సు, మార్పును ఐదు మెట్లుగా చెప్పే అడ్కార్ నమూనా, ఆ తర్వాత పీఎంపీ (ప్రాజెక్టులు నడిపేవారికిచ్చే సర్టిఫికెట్). అవి చెడ్డవని అనను. అడ్కార్‌లోని ఐదు మెట్లు (ఎరుక, ఇష్టం, జ్ఞానం, సామర్థ్యం, నిలబెట్టుకోవడం) సరైనవే. కాకపోతే మన ఆఫీసుల్లో కూలేది ఐదోది, అంటే కన్సల్టెంట్లు వెళ్లిపోయి, ప్రాజెక్టును నెత్తిన పెట్టుకున్న అధికారి బదిలీ అయ్యాక జరగాల్సింది. దానికి మందు ఏ కోర్సులోనూ లేదు. విధానాన్ని ఉత్తర్వులో రాయించడం, సూపరింటెండెంట్లనే మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేయడం, నోడల్ అధికారికి (శాఖ తరఫున ప్రాజెక్టు చూసే అధికారికి) తోడు రెండో మనిషిని పెట్టించడం, ఇవే మందు. పీఎంపీకి డిగ్రీ ఉన్నవారికి 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. అనలిస్టుగా అవసరాలు రాసిన కాలమంతా అందులోకి రాదు. ఇప్పుడే ఫీజు కట్టనక్కర్లేదు. ఒక ప్రాజెక్టును పైలట్ (ప్రయోగ దశ) నుంచి రిజిస్టరు మూసేదాకా నడిపానని చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఆ ఒక్క మాటకే విలువ.

రాజకీయ వాతావరణం కూడా లెక్కలో ఉండాలి. తెలంగాణలో 2020 అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది, 2025 ఏప్రిల్లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టమే మారింది. పోర్టల్ మారితే సర్కారు ఉద్యోగి కొత్తది నేర్చుకుంటాడు, కాంట్రాక్టు కన్సల్టెంటు కొత్త టెండరు కోసం ఎదురుచూడాలి. అలాగని రంగమే నమ్మదగనిదని కాదు. రిజిస్ట్రేషన్ల శాఖలో 1998లో కార్డ్, 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ, ఇలా మన దగ్గర పాతికేళ్లకు పైగా ఈ పని ఆగలేదు. ఒక శాఖలో ఆగితే మరో శాఖలో మొదలవుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు, ఆసుపత్రులు, మున్సిపాలిటీలు, బ్యాంకులు, అన్నింటికీ ఇలా మనుషుల అలవాట్లు మార్పించగలవాళ్లు కావాలి, కోడింగ్ వచ్చినంతమంది ఇందులో లేరు. మీ అమ్మాయి అనలిస్టు అనుభవం దీనికి సరిగ్గా అతుకుతుంది.

ఇక మీతో ఒక మాట, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో ఏ శాఖో లేదు, జీతమెంతో లేదు, పని ఏ ఊళ్లోనో లేదు. సంబంధాల మాట మాత్రం ఉంది. ‘వినడం లేదు’ అని రాశారు. మీరు ఆఫర్ కాగితం కూడా చదవకుండా చెప్పిన సలహాను, మూడేళ్లుగా సొంత కాళ్ల మీద నిలబడిన మనిషి ఎందుకు వినాలి? పదో తరగతి పిల్లాడు ప్రశ్నపత్రం చదవకుండా జవాబు రాస్తే మీరు మార్కులేస్తారా? ముందు కాగితం తెప్పించుకుని చదవండి.

బ్యాంకు ఉద్యోగంతో పోలిక అడిగారు కదా. బ్యాంకులో అధికారం ఆలస్యంగా వస్తుంది, కానీ వచ్చింది నిజమైనది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ఖాతాలు, కోడ్లు, సిబ్బంది అలవాట్లు మార్చే భారమంతా సొంత అధికారుల మీదే పడింది. సంతకమూ వాళ్లదే. ఆ పీఠం దాకా చేరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, మధ్యలో ఊళ్లు మారాలి. పరీక్ష రాస్తూ ఉండమనండి, నోటిఫికేషన్ ఏటా వస్తుంది. ఉన్న ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని చదవమని మాత్రం అనకండి.

కింది జవాబులు సరిగ్గా ఉంటే వెళ్లనివ్వండి. పీఎఫ్‌తో జీతమా, పది శాతం టీడీఎస్ కోసి ఇచ్చే ప్రొఫెషనల్ ఫీజా? రెండోదైతే ఆరోగ్య బీమా, సెలవులు, గృహరుణం అన్నీ సొంత తంటాలే, ఆ మేరకు ఎక్కువ మొత్తం అడగాలి. శాఖ ‘ఈ మనిషి వద్దు’ అంటే కన్సల్టెన్సీ వేరే ప్రాజెక్టులో పెడుతుందా, ఇంటికి పంపుతుందా? ఒప్పందంలో ఆ నిబంధన చూడాలి. నోడల్ అధికారి ఏ హోదా, ఆ కుర్చీలోకి వచ్చి ఎన్నాళ్లయింది? జిల్లా పర్యటనలకు ఖర్చులు ఎవరిస్తారు? పనిలో పాత రిజిస్టర్లు మూయించే దశ కూడా ఉందా, సాఫ్ట్‌వేర్ ప్రారంభంతోనే వీళ్ల బాధ్యత ముగుస్తుందా? రెండోదైతే నేర్చుకునేది సగమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కన్సల్టెన్సీ ఆఫర్ లెటర్ ఇచ్చినంత మాత్రాన శాఖ వర్క్ ఆర్డరు (పని అప్పగించే ఉత్తర్వు) ఇచ్చినట్టు కాదు. టెండరులో అభ్యర్థి పేరు, బయోడేటా చూపించడానికి ముందే ఆఫర్లు ఇచ్చి ఉంచుకునే పద్ధతి ఉంది. వర్క్ ఆర్డరు అయిందని, చేరే తేదీ ఫలానా అని ఈమెయిల్లో రాసిచ్చాకే ఇప్పటి కంపెనీలో రాజీనామా పెట్టమనండి. అక్కడ నోటీసు మూడు నెలలైతే ఆ సంగతీ ఇప్పుడే చెప్పి తేదీ మాట్లాడుకోమనండి.