అభిషేకం లేనివారు వాక్యం చెప్పవచ్చునా? – సమాధానం

సహోదరునికి వందనములు. పాస్టరు గారు నెలకొకసారే వచ్చే మీ అమలాపురం దగ్గరి మెథడిస్టు సంఘంలో, మిగిలిన ఆదివారాలు రొయ్యల చెరువు కాపలా చూసే, అభిషేకం (పాస్టరుగా సంఘం చేసే నియామకం) లేని యువకుడు వాక్యం చెప్పడం క్రమవిరుద్ధమని పెద్దలు అడ్డుచెబుతున్నారని రాశారు. విరుద్ధం కాదు, మెథడిస్టు ఉద్యమం వ్యాపించిందే అలాంటివారి వల్ల. 1740 ప్రాంతంలో లండన్‌లో థామస్ మాక్స్‌ఫీల్డ్ అభిషేకం లేకుండానే ప్రసంగిస్తున్నాడని తెలిసి, ఆపించడానికి హుటాహుటిన వచ్చిన మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీని తల్లి సుసన్నా, ముందు స్వయంగా విని ఫలితం చూసి నిర్ణయించమన్నది. విన్న తరువాత ఆయన మాన్పించలేదు సరికదా, అటువంటి ప్రసంగికులను ఊరూరా పంపాడు. అయితే ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం) ఇచ్చే అధికారం మాత్రం వారికి ఇవ్వలేదు, ఆ హద్దును మీరూ గట్టిగా పాటించండి. ఆ యువకుణ్ణి పాస్టరు గారి చేత పరీక్షింపజేసి, మీ సంఘ జిల్లా సూపరింటెండెంటు గారి ద్వారా స్థానిక ప్రసంగికుడిగా (అభిషేకం లేకుండా వాక్యం చెప్పే అనుమతి పొందిన సభ్యుడిగా) అనుమతి కోరండి.